లేదుగారి ఆఖరి పీసు

మా బస్సు డిపోలో మా బావను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఆయన స్టోర్‌కీపరు. బస్సుల విడిభాగాలన్నీ ఆయన తాళం కిందే ఉంటాయి. ఇనుప జాలీ కిటికీ దగ్గరికి వెళ్ళి ఎవరేం అడిగినా ముందు "లేదు" అంటాడు. అడిగినవాడు కదలకుండా అక్కడే నిలబడితే కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏ బండికి? ఏమైంది దానికి?" అంటాడు. అప్పుడు పాత భాగం చూపించాలి. అది నిజంగానే అరిగిపోయిందని నమ్మకం కుదిరితే లోపలికి వెళ్ళి, ఎక్కణ్ణుంచో కొత్తది తెచ్చి, సొంత పన్ను పీకి ఇస్తున్నట్టు మొహం పెట్టి చేతిలో పెడతాడు.

అలా ఆయనకు లేదుగారు అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది నేనేనని కొందరంటారు. నేను కాదనను. అదే డిపోలో నేను మెకానిక్కుని. పైగా బావమరిదిని. ఈ రెండు హక్కులూ ఉన్నవాడు ఆ మాత్రం చేయకపోతే ఎలా? నన్ను ఆ పనిలో చేర్పించింది కూడా ఆయనే. చేర్పించిన మర్నాడే ఒక బోల్టు అడిగితే లేదన్నాడు.

ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి అనుకునేరు. ఇంట్లో ఆయన చేతికి ఎముకే లేదు. మా అక్క ఒకటి అడిగితే రెండు తెస్తాడు. అక్క చిన్నపిల్లల బళ్ళో టీచరు. బడిలో పిల్లలకు రంగు పెన్సిళ్ళు కావాలంటే పెట్టెలకు పెట్టెలు మోసుకొచ్చే మనిషి, ఆ జాలీ వెనక కూర్చోగానే ఇంకొకడైపోతాడు. ముఖ్యంగా ఏ వస్తువైనా ఒక్కటే మిగిలినప్పుడు. దాన్ని ఆయన ఆఖరి పీసు అంటాడు. ఆఖరి పీసును డిపో మేనేజరు వచ్చి అడిగినా ఇవ్వడు.

"ఇది ఇచ్చేస్తే అసలు అవసరం వచ్చినప్పుడు ఏం చేస్తారు?" అంటాడు.

"బావా, బండి రిపేరు గొయ్యి మీదుంది. డ్రైవరు నెత్తిన కూర్చున్నాడు. ఇంతకంటే అసలు అవసరం ఇంకేముంటుంది?" అంటాను నేను.

"ఇది కాదు" అంటాడు.

అసలు అవసరం అంటే ఏమిటో, అది వచ్చినప్పుడు ఎలా గుర్తుపట్టాలో మాకెవరికీ తెలియదు. బహుశా ఆయనకు కూడా తెలియదు. ఒకసారి ఇలాగే దాచిపెట్టిన రబ్బరు సీలును, ఎట్టకేలకు మనసు రాయి చేసుకుని బయటికి తీస్తే, అది ఎండిపోయి ఆయన చేతిలోనే పొడి పొడి అయింది. డిపో అంతా పడీపడీ నవ్వింది. బావకు చీమ కుట్టినట్టయినా లేదు. కానీ ఒకమాట ఒప్పుకోవాలి. విడిభాగం లేక ఏ బండీ దారిలో ఆగిపోయి, జనం సామాన్లు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డ రోజు ఆయన హయాంలో లేదు. అందుకే తిడుతూనే భరించేవాళ్ళం.

మొదటిసారి గుండెనొప్పి వచ్చినప్పుడు బావ ఆ కిటికీ వెనకే ఉన్నాడు. ఛాతీ మీద ఎవరో చక్రం దించినట్టు ఉందట. ఆ రోజు బ్రేకు లైనింగుల లోడు వచ్చింది. దాన్ని దింపించి, సరిచూసుకుని, అరల్లో సర్దించి, షట్టరు వేసి, తాళం రెండుసార్లు లాగి చూసి, బస్సెక్కి నిలబడి ఇంటికొచ్చాడు. లిఫ్టు లేని మూడో అంతస్తు ఎక్కాడు. అక్క మొహం చూసి అడిగితే "గ్యాసు" అన్నాడు. వేడినీళ్ళు పెట్టమని ఆమెను వంటింట్లోకి పంపేశాడు. నీళ్ళు కాగి ఆమె గ్లాసు పట్టుకుని వచ్చేసరికి మనిషి సోఫాలో పక్కకు ఒరిగిపోయి, చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు.

ప్రాణం దక్కింది. మూసుకుపోయిన రక్తనాళం తెరిచి స్టెంటు వేశారు. తర్వాత డాక్టరు అక్కనూ నన్నూ పక్కకు పిలిచి ఉన్నమాట చెప్పాడు. రక్తం అందక గుండె కండరంలో కొంత భాగం చచ్చిపోయింది, అది ఇక తిరిగి రాదు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే ఇంత నష్టం ఉండేది కాదు. మరోసారి ఇలా ఆలస్యం చేస్తే ఈ గుండె తట్టుకోదు. అక్క తల వంచుకుని విన్నది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. బ్రేకు లైనింగులట! ఛాతీ నలిగిపోతుంటే అరల్లో సర్దించాడట!

ఆ ఆసుపత్రిలో గుండెపోటు వచ్చినవాళ్ళను ఇంటికి పంపే ముందు కూర్చోబెట్టి పాఠం చెబుతారు. ఆ పాఠం చెప్పే నర్సును వార్డులో అందరూ మళ్ళీచెప్పండి సిస్టర్ అనేవాళ్ళు. వార్డు చివర చిన్న గది ఆవిడది. రెండు కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద రెండు ముక్కలుగా విడిపోయే ప్లాస్టిక్ గుండె. ఆవిడ తను చెప్పాల్సింది కొంచెమే చెప్పేది. చెప్పడం అయ్యాక ఆ గుండెను టక్కున మూసి, "ఇప్పుడు నాకు మళ్ళీ చెప్పండి" అనేది. రోగి నీళ్ళు నమిలితే విసుక్కోకుండా మళ్ళీ మొదలుపెట్టేది.

"అర్థమైందా అని అడిగితే అందరూ అర్థమైందనే అంటారు. ఆ మాటకొస్తే నేనూ అంటాను" అంది నాతో.

బావ వంతు వచ్చింది. "బాబాయ్ గారూ, నొప్పి వస్తే ఏం చేస్తారు?" అని అడిగింది.

"వెంటనే కూర్చోబెట్టి..." అని అక్క అందుకుంది.

"పిన్నీ, మీరు కాదు. నొప్పి వచ్చేది ఆయనకి. ఆ టైముకి మీరు బళ్ళో ఉండొచ్చు, బజార్లో ఉండొచ్చు. ఆయన్నే చెప్పనివ్వండి."

బావ చేతులు కట్టుకుని గడగడా అప్పజెప్పాడు. "చేస్తున్న పని ఆపేసి కూర్చోవాలి. నాలుక కింద బిళ్ళ ఒకటి పెట్టుకోవాలి. మింగకూడదు, నమలకూడదు. ఐదు నిమిషాలు చూడాలి. తగ్గకపోయినా, ఎక్కువైనా అంబులెన్సుకి ఫోన్ చెయ్యాలి. సొంతంగా బండి నడుపుకుంటూ రాకూడదు. బస్సెక్కి అసలు రాకూడదు."

ఆఖరి ముక్కకు ఆవిడ పకపకా నవ్వింది. పొద్దుటి బిళ్ళలేమిటి, రాత్రి బిళ్ళలేమిటి, ఏది ఎందుకు, ఏది ఎవరినీ అడక్కుండా మానెయ్యకూడదు, ఉప్పెంత, నడక ఎంత, అన్నీ ఒక్క పొల్లు పోకుండా చెప్పాడు. వేల రకాల విడిభాగాలు బుర్రలో పెట్టుకున్న మనిషికి అదొక లెక్కా? ఇంత బాగా చెప్పినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరని సిస్టర్ మెచ్చుకుంది. నాలుక కింద పెట్టుకునే బిళ్ళల సీసా, బొటనవేలంత గోధుమరంగు గాజుసీసా, ఆయన చేతికిచ్చింది. బావ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, గడువు తేదీ చదివి, గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ పెట్టుకోవడం చూసైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు.

ఇంటికొచ్చాక బావ అంత బుద్ధిమంతుడైన రోగి ఇంకొకడు ఉండడు. సిగరెట్లు మానేశాడు. టైర్ల షెడ్డు వెనక ఆయనతో కలిసి కాల్చేవాళ్ళు ఏకాకులైపోయారు. ఉప్పు తగ్గించాడు. మందులను స్టోర్సులో బేరింగులు పెట్టినట్టు చిన్న చిన్న డబ్బాల్లో సర్ది, ఒక్కోదానికి చీటీ అంటించాడు. అక్క ప్రేమగా బిళ్ళలు తీసి ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"నా మందులు నేనే తీసుకోవాలి. సిస్టర్ చెప్పింది" అనేవాడు.

ఇంటి ముందు వీధిలో పొద్దునా సాయంత్రం నడిచేవాడు. మళ్ళీ పనిలో చేరాక డిపోలో డ్రైవర్లకు పాఠాలు మొదలుపెట్టాడు. ఎవడైనా ఫ్యాన్ బెల్టు కోసం వస్తే వాడి పొట్ట చూసి, నడుస్తున్నావా, రక్తపోటు చూపించుకున్నావా అని ఆరా తీసేవాడు. లేదుగారి దగ్గర ఇప్పుడు అడక్కుండా ఇచ్చేది కూడా ఒకటుంది, సలహా, అని మేం జోకులేసుకునేవాళ్ళం. అమ్మయ్య, గండం గడిచిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఒక సాయంత్రం డిపో నుంచి ఆయనతో పాటే అక్కావాళ్ళింటికి వెళ్ళాను. మెట్లెక్కుతున్నాం. నేను ఏదో వాగుతూ ముందు నడుస్తున్నాను. మూడో అంతస్తుకు ముందు మలుపు దగ్గర, గోడకు కరెంటు మీటర్లు ఉంటాయి. వెనక అడుగుల చప్పుడు ఆగిపోతే తిరిగి చూశాను. బావ మీటర్ల ముందు నిలబడి వాటివైపే తీక్షణంగా చూస్తున్నాడు.

"ఏంటి బావా?"

"మీటరు తిరుగుతోంది."

"తిరక్కపోతే కదా చూడాల్సింది?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పై పెదవి మీద చెమట పట్టింది. కమ్మీ మీద వేళ్ళు బిగుసుకుని తెల్లబడ్డాయి.

"నొప్పా?" అన్నాను.

"లేదు."

ఆ లేదు నాకు బాగా తెలుసు. వస్తువు నిజంగా లేనప్పుడు చెప్పే లేదు ఒకటుంది. వెనక అరలో పెట్టుకుని చెప్పే లేదు ఇంకొకటుంది. ఇన్నేళ్ళు ఆ కిటికీ ముందు నిలబడ్డవాణ్ణి, ఆ తేడా నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"బిళ్ళేదీ?"

"ఇంట్లో ఉంది."

"ఇంట్లో ఎక్కడ?"

"బీరువాలో."

"బీరువా తాళం?"

జేబు తట్టి చూపించాడు. నేను నెత్తి కొట్టుకున్నాను. ఈలోగా ఆయన మొహంలోకి కాస్త రంగు తిరిగొచ్చింది. "తగ్గిపోయింది, పద" అన్నాడు. రెండు మెట్లెక్కి మళ్ళీ ఆగి, "ఒరేయ్, మీ అక్కకి చెప్పకు. ఊరికే బెంగ పెట్టుకుంటుంది" అన్నాడు.

అక్క వంటింట్లో ఉండగా బీరువా తీయించాను. పాత కాగితాల వెనక, గుడ్డ చుట్ట లోపల, సీసా భద్రంగా ఉంది. ఇచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. మూత మీద సీలు కూడా తీయలేదు.

నేను ఒంటికాలి మీద లేచాను. వంటింట్లోకి వినబడకూడదు కాబట్టి గొంతు తగ్గించి లేవాల్సి వచ్చింది. "ఇప్పటికి ఎన్నిసార్లొచ్చింది నొప్పి?"

"అప్పుడప్పుడూ. మెట్లెక్కితేనే."

"మరి దీన్నెందుకు వాడలేదు?"

"చిన్నదానికి వాడేస్తే పెద్దది వచ్చినప్పుడు పనిచెయ్యదురా. ఒంటికి అలవాటైపోతుంది."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఒకరు చెప్పాలా? తెలీదూ?"

"సీసాలో బోలెడున్నాయి. అయిపోతే మందుల షాపులో కొనుక్కోవచ్చు. నీ స్టోర్సులో రబ్బరు సీలు అనుకున్నావా ఇది?"

"అసలు అవసరం వచ్చినప్పుడు వాడతాను" అన్నాడు బావ నింపాదిగా.

ఇన్నాళ్ళు ఆ మాటకు నవ్వుకున్నాం. డిపోలో ఆ మాట వల్ల మహా అయితే ఒక బస్సు ఆగేది. ఆ రాత్రంతా డాక్టరు చెప్పినమాటే చెవుల్లో మోగుతూ ఉంది. మరోసారి ఆలస్యం చేస్తే తట్టుకోదన్నాడు. ఈయన ఆలస్యం చేయడానికి ముందే అన్ని ఏర్పాట్లూ చేసుకుని, తాళం కూడా వేసుకున్నాడు.

అదృష్టం కొద్దీ సిస్టర్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాల్సిన రోజు దగ్గర్లోనే ఉంది. వాడుతున్న మందులన్నీ తీసుకురమ్మని ఆవిడ నియమం. అక్కకు ఆ రోజు బళ్ళో పరీక్షల పని పడింది. సెలవు పెడతానంటే బావ ససేమిరా వద్దన్నాడు. నేను తోడు వెళ్ళాను. వెళ్ళేముందు బీరువాలోంచి సీసా తీయించి సంచిలో వేయించడానికి తలప్రాణం తోకకొచ్చింది.

సిస్టర్ బల్ల మీద మందులన్నీ పరిచి చూసింది. అన్నీ సరిగ్గా ఉన్నాయని తలూపింది. చివరకు ఆ చిన్న సీసా చేతిలోకి తీసుకుని, మూత చుట్టూ వేలితో తడిమింది.

"ఈమధ్య నొప్పేమైనా వచ్చిందా బాబాయ్ గారూ?"

"లేదు."

ఆవిడ నావైపు చూసింది. బావ కూడా నావైపు చూశాడు, కొరికేసేలా. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. మెట్లు, మీటర్లు, బీరువా, తాళం, అన్నీ. ఆవిడ చీవాట్లు పెడుతుందని ఆశగా ఎదురుచూశాను. పెట్టలేదు.

"నొప్పి వస్తే ఏం చెయ్యాలో మళ్ళీ చెప్పండి" అంది.

బావ చెప్పాడు. మొదటిసారి ఎలా చెప్పాడో అలాగే, ఒక్క పొల్లు పోకుండా.

"అన్నీ తెలుసు మీకు. మరి చెయ్యలేదేం?"

బావ ఆ ప్లాస్టిక్ గుండె వైపు చూశాడు. ఆ తర్వాత, నేను ఎన్నడూ వినని గొంతుతో, "వేసుకున్నాక కూడా తగ్గకపోతేనో?" అన్నాడు.

ఆవిడ ఆయన్ను చెప్పనిచ్చింది.

"సీలు తియ్యనంతసేపూ నాకు ధైర్యంగా ఉంటుందమ్మా. ఒకటుంది కదా అని. తీసి వేసుకున్నాననుకో, తగ్గలేదనుకో. ఇంక నా దగ్గర ఏముంటుంది?"

ఇన్నేళ్ళుగా అది పిసినారితనమనుకున్నాను, చాదస్తమనుకున్నాను, పేరు పెట్టి పదిమందిలో వెక్కిరించాను. మనిషి లోపల ఇంత భయం ముడి వేసుకుని కూర్చుందని నాకేం తెలుసు? ఆ పూట మా బావ నాకు చిన్నపిల్లాడిలా కనిపించాడు. దగ్గరికి తీసుకోవాలనిపించింది. బావమరుదులు అలాంటి పనులు చెయ్యరు కాబట్టి ఊరుకున్నాను.

సిస్టర్ కుర్చీ ముందుకు లాక్కుంది.

"మీరు పొల్లు పోకుండా అప్పజెబుతుంటే నేనూ మురిసిపోయాను. ఇది అడగాల్సింది. ఇప్పుడు వినండి బాబాయ్ గారూ. మీరు ఈ సీసాని అన్నిటికంటే చివర పెట్టుకున్నారు. ఇది చివరిది కాదు, మొదటిది. దీని వెనక ఫోనుంది. ఫోను వెనక అంబులెన్సుంది. అంబులెన్సు వెనక నేనున్నాను, డాక్టరు గారున్నారు, పోయినసారి మీకు స్టెంటు వేసిన గదుంది. వెనక ఇంతమంది ఉండగా ఒక్క బిళ్ళ దగ్గర ఆగిపోతారేంటి?"

బావ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"తగ్గిందా, మంచిదే. తగ్గలేదనుకోండి, మందు ఓడిపోయినట్టు కాదు. మమ్మల్ని పిలవమని అది మీకు చెప్పినట్టు. తగ్గకపోవడం కూడా కబురే. ఆ కబురు మాకు ఎంత తొందరగా అందితే గుండె అంత మిగులుతుంది. ఇంకోటి, అప్పుడప్పుడూ వేసుకుంటే అలవాటైపోయి పనిచెయ్యకుండా పోదు. దాచుకుంటే మాత్రం పాడైపోతుంది."

సీసాను ఆయన ముందుకు జరిపింది. "సీలు తియ్యండి."

బావ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఇష్టం లేనట్టే మూత తిప్పాడు. చివరికి చిటుక్కుమంది. ఆయన మొహం వాడిపోయింది. ఆవిడ మాత్రం ఏమీ జరగనట్టు, సీసా ఎప్పుడూ చేతికందేలా ఉండాలని, ఎండా వేడీ తగలకూడదని, ఇదే సీసాలో ఉంచాలని చెప్పింది. వెంటనే డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళింది. మెట్లెక్కితే నొప్పి వస్తోందని ముందే చెప్పాల్సిందని ఆయన కోప్పడి, మందులు మార్చి, వచ్చేవారం ఒక పరీక్షకు రమ్మన్నాడు.

"ఇంట్లో పిన్నికి తెలుసా ఇదంతా?" అని వస్తుంటే సిస్టర్ అడిగింది.

"తెలీదు" అన్నాడు బావ.

"చెప్పండి."

"ఊఁ" అన్నాడు. చెప్పలేదు. మారిన మందుల సంగతి అక్క అడిగితే, "కంపెనీ మార్చారు" అన్నాడు. నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను. సీసా మాత్రం భోజనం సంచి పక్క జేబులోకి చేరింది. తాళం లేదు, గుడ్డ లేదు. అంతవరకు నయమే. కానీ నిజంగా తీసి నోట్లో వేసుకుంటాడా? ఆ నమ్మకం నాకు లేదు. ఏదో ఒక వంక పెట్టుకుని రోజూ ఆయనతో పాటే ఇంటిదాకా వెళ్ళేవాణ్ణి. "ఏంట్రా, మీ ఇంట్లో వంట మానేశారా?" అనేవాడు.

పరీక్షకు ఇంకా రెండు మూడు రోజులుండగా, ఒక సాయంత్రం ఆ మలుపు దగ్గరే అడుగులు ఆగాయి.

నేను తిరిగి చూశాను. బావ మీటర్లకేసి చూడడం లేదు. సంచి పక్కన పెట్టి మెల్లగా మెట్టు మీద కూర్చుంటున్నాడు. నేను నోరు తెరవలేదు. తెరిస్తే ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని భయం. సంచి జేబులోంచి సీసా తీసి మూత తిప్పాడు. ఒక బిళ్ళ చేతిలోంచి జారి కిందపడి, మెట్టు మీంచి మెట్టు మీదికి దొర్లిపోయింది. నేను దాని వెంట వంగబోయాను.

"పోనీ" అన్నాడు బావ. ఇంకొకటి తీసి నాలుక కింద పెట్టుకున్నాడు.

నోరు మూసుకుని, గోడకు ఆనుకుని, చేతి గడియారం చూస్తూ కూర్చున్నాడు. పక్కింటావిడ కూరగాయల సంచితో పైకొచ్చింది. బావ మోకాళ్ళు పక్కకు జరిపి దారిచ్చాడు. ఆవిడ పలకరిస్తే తలూపాడు. పైన ఎవరింట్లోనో కుక్కరు కూసింది. నేను ఎదురుగా నిలబడి ఆయన మొహాన్నే చూస్తున్నాను. తగ్గాలి, తగ్గాలి అని లోపల ఒకటే జపం.

"తగ్గలేదు" అన్నాడు బావ.

దేనికైతే ఈ మనిషి ఇన్నాళ్ళు భయపడ్డాడో అదే జరిగింది. ఆయన కళ్ళలో ఆ భయం కోసం చూశాను. చెమట ఉంది, నొప్పి ఉంది. నేను వెతికింది మాత్రం కనబడలేదు. నేను నా ఫోను తీయబోయాను. ఆయన తన ఫోను తీసి తనే చేశాడు. వీధి చెప్పాడు, అంతస్తు చెప్పాడు, లిఫ్టు లేదని చెప్పాడు.

"నాకు ఇంతకుముందు గుండెపోటు వచ్చింది. స్టెంటు వేశారు. ఇప్పుడు మళ్ళీ ఛాతీలో నొప్పి. బిళ్ళ వేసుకున్నాను, తగ్గలేదు" అన్నాడు. లోడు ఎప్పుడొస్తుందని కంపెనీకి ఫోను చేసేటప్పుడు మాట్లాడే గొంతే అది. అవతలివాళ్ళు చెప్పింది విని, ఫోను పెట్టేసి నావైపు చూశాడు.

"మీ అక్కని పిలు. అరవకు. వెళ్ళి పిలు."

అక్క చెప్పులు కూడా లేకుండా దిగి వచ్చింది. బావ తలెత్తి ఆమెను చూశాడు. "నొప్పొచ్చింది. బిళ్ళ వేసుకున్నాను. తగ్గలేదు. వాళ్ళు బయల్దేరారు. నువ్విలా వచ్చి నా పక్కన కూర్చో."

వేడినీళ్ళు పెట్టమని పంపేసిన మనిషేనా అనిపించింది నాకు. అక్క ఆ ఇరుకు మెట్టు మీదే ఆయన పక్కన సర్దుకుని కూర్చుంది. అంబులెన్సు వచ్చేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. నేను గేటు దగ్గరికి పరిగెత్తి దారి చూపించాను. వచ్చినవాళ్ళు వైర్లు తగిలిస్తూ, ఈమధ్య ఎప్పుడైనా ఇలా వచ్చిందా అని అడిగారు.

బావ అక్క వైపు చూశాడు. "వచ్చింది. ఈ మెట్ల మీదే. చాలాసార్లు వచ్చింది. ఈవిడకి చెప్పలేదు" అన్నాడు.

అక్క ఆయన సంచి తీసి భుజానికి తగిలించుకుని వాళ్ళ వెనకే మెట్లు దిగింది.

ఇంకొక రక్తనాళం మూసుకుపోతోందట. పూర్తిగా మూసుకునేలోపే తెరిచారు. ఈసారి కండరానికి ఏమీ కాలేదని, ఆలస్యం చేయకుండా పిలవడమే కాపాడిందని డాక్టరు చెప్పాడు. ఎవరు ఫోన్ చేశారని అడిగితే, "ఆయనే" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం మమ్మల్ని లోపలికి వదిలారు. బావ దిండుకు ఆనుకుని ఉన్నాడు. అక్క మంచం పక్కన కూర్చుని తువ్వాలు మడతపెడుతోంది. కాసేపటికి బావే మొదలుపెట్టాడు.

"నీకు ముందే చెప్పాల్సింది."

"నాకు తెలుసు" అంది అక్క.

"ఏం తెలుసు?"

"మీరొచ్చే వేళకి రోజూ తలుపు వెనకే నిలబడేదాన్ని. కింద గేటు చప్పుడు దగ్గర్నుంచీ మీ అడుగులు వింటూ ఉండేదాన్ని. ఆ మలుపు దగ్గర ఆగిపోయేవి. మళ్ళీ మొదలయ్యేదాకా తలుపు గడియ పట్టుకుని ఊపిరి బిగబట్టుకునేదాన్ని. మొదలవగానే వంటింట్లోకి పరిగెత్తేదాన్ని, అక్కడ నిలబడ్డం మీరు చూడకూడదని."

తువ్వాలు మడత సరిగ్గా రాలేదేమో, విప్పి మళ్ళీ మొదలుపెట్టింది.

"మరి అడగలేదేం?" అన్నాడు బావ.

"అడిగితే చెప్పేవారా?"

బావ ఆమె చేతిలోంచి ఆ తువ్వాలు తీసి పక్కన పెట్టి, ఆ చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు చెంపల మీదుగా గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. అక్క కూడా తుడవలేదు. నాకు అక్కడ పనేం ఉంది? బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాను.